మారేడు గడ్డయు సీసాలోని మొలకయు

వేసవి తలచూపినంతనే తిరుపతి, చిత్తూరు ప్రాంతముల సంతలలోనికి మట్టిరంగు గడ్డలు బుట్టలతో దిగును. వ్రేలంత లావున, జానెడు మూరెడు పొడవున ఉండు ఈ గడ్డల తోలు గీచినంతనే కమ్మని సువాసన గుప్పుమనును. వీనిని మనవారు మారేడు గడ్డలనియు, మారేడు కొమ్ములనియు, అరవసీమతో సంబంధబాంధవ్యములు గల కుటుంబములవారు మాగాళి యనియు పిలుతురు. శివపూజకు పత్రి నిచ్చు మారేడు చెట్టు వేఱు, ఈ తీగ వేఱు. పేరొక్కటైనంతమాత్రమున రెండింటిని ఒక్కటిగా తలపరాదు. గడ్డపై తోలు తీసి, నడుమనున్న గట్టి ఈనెను లాగివేసి, ముక్కలుగా తఱిగి నిమ్మరసములోనో, పెరుగులోనో ఊరవేసినచో ఏడాదిపాటు నిలువయుండు ఊరగాయ సిద్ధమగును. అవే గడ్డలను దంచి కాచి చక్కెర చేర్చినచో ఎండదెబ్బకు హితవైన షర్బతు లభించును.

ఇంతవఱకు మన సోదరీమణులకు తెలియని విషయమేమియు లేదు. అయితే ఆ జాడీ వెనుకనున్న మఱియొక సంగతి పలువురకు తెలియదు. బెండకాయ కోసినచో చెట్టు మరల కాయును. తోటకూర గిల్లినచో మరల చిగిర్చును. మారేడు గడ్డ యట్టిది కాదు. అది తీగకు వేరు. కొండరాళ్ళ సందున ఏండ్ల తరబడి ఎదిగిన వేరును సమూలముగా పెకలించినచో తీగ అంతటితో సరి. మన జాడీలోని ముక్కలు ఒక తీగ ప్రాణమునకు వెలయని చెప్పినను తప్పు కాదు. ఆ తీగను చంపక దాని గుణమును పొందు మార్గమేదైన కలదా? శాస్త్రజ్ఞులు సీసాలలో మొక్కలను పెంచు విద్యతో ఈ ప్రశ్నకు జవాబు వెదకుచున్నారు. ఆ విద్య యెట్టిదో, దానికి అడ్డుపడునదేమో, తోడుపడునదేమో మన వంటయింటి భాషలో చెప్పుటకు ఈ వ్యాసమున ప్రయత్నించెదము.

తీగ కథ

ఈ తీగకు వృక్షశాస్త్రజ్ఞు లిడిన పేరు డెకలెపిస్ హామిల్టోనై. వైట్, ఆర్నాట్ అను పండితు లిరువురు 1834లో దీనిని శాస్త్రగ్రంథమున కెక్కించిరి. ఇది జిల్లేడు కుటుంబమునకు చెందినది. ఆకు త్రుంచినచో పాలు కారును. ప్రపంచమున మఱెక్కడను లేక, దక్షిణ భారతదేశపు కొండలలో మాత్రమే సహజముగా పెరుగును. మన శేషాచలము, దాని చుట్టుపట్లనున్న రాతికొండలు దాని పుట్టినిండ్లలో ముఖ్యమైనవి. శేషాచలము కొండలలో కొంతభాగము 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయవనముగా ప్రకటింపబడెను. 2010లో సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల ప్రదేశము జీవావరణ రక్షితప్రాంతమయ్యెను. చట్టము కంచె వేసినది నిజమే. కాని సంతలో గిరాకి యున్నంతకాలము కంచె యొక్కటియే కొండను కాపాడజాలదు.

గడ్డలను త్రవ్వి తెచ్చువారిలో యానాదులు పెక్కుమంది. తరతరములుగా అడవినే నమ్ముకొనిన వారికి ఏ తీగ యే గుట్టపై నున్నదో, ఏ వేరు దేనికి పనికివచ్చునో తెలిసినట్లు మఱెవ్వరికిని తెలియదు. ఆ జ్ఞానమును గ్రంథస్థము చేసినవారిలో తిరుపతిలోని జానపద మూలికా పరిశోధన కేంద్రమునకు చెందిన డాక్టర్ ఎస్. వేదవతిగారు ముఖ్యులు. చిత్తూరు మండలపు గిరిజన వైద్యముపై వీరు తోటి పరిశోధకులతో కూడి వ్రాసిన గ్రంథము 1997లో వెలువడెను. ఈ మారేడు గడ్డను గూర్చి 2004లో వ్రాసిన వ్యాసములో, మన దేశీయ ఆరోగ్యపానీయమునకు ఆధారమైన ఈ తీగ ప్రమాదములో పడినదని ఆమె హెచ్చరించిరి. ఒక స్త్రీ, మన మండలముననే పనిచేయుచు, మన వంటయింటి వస్తువును గూర్చియే ఈ మాట చెప్పినదని మనము గుర్తుంచుకొనదగును.

తీగ తనంతట తాను వ్యాపింపలేదా యని మీరడుగవచ్చును. దీని కాయలు పగిలి పట్టుకుచ్చు గల విత్తనములు గాలిలో ఎగురును గాని, వానిలో మొలకెత్తునవి తక్కువ. పోగా కాయ కాయుటకు తగిన వయసు రాకముందే వేరు సంతకు చేరుచున్నది. బిడ్డలను కనకముందే తల్లి పోవుచున్నచో వంశ మెట్లు నిలుచును?

వేరులోని కావలివారు

గడ్డ సువాసనకు కారణమైన పదార్థము వెనిల్లాలోని సుగంధపదార్థమునకు తోబుట్టువు వంటిది. రెండింటిలోను పరమాణువులు అవే, లెక్కయు అదే; కూర్పు మాత్రము వేఱు. 'నవ' యను రెండక్షరములను తారుమారు చేసినచో 'వన' మగునట్లు, కూర్పు మారినంతనే గుణము మారును. ఈ పదార్థము ముఖ్యముగా వేళ్ళలోనే తయారగును. తీగ దీనిని మన షర్బతు కొఱకు చేసికొనలేదు; తన్ను తినవచ్చు పురుగులనుండి, కుళ్ళజేయు బూజులనుండి వేరును కాపాడుకొనుటకు చేసికొన్నది. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు నిలువయుంచిన ధాన్యమునకు పట్టు పురుగులను ఈ వేరు అరికట్టునని పరీక్షలలో చూపిరి.

ఆ సంస్థలోని పరిశోధకులే 2006లో ఈ వేరు ఆంటీఆక్సిడెంటు గుణము కలదని ప్రకటించిరి. ఈ మాట నేడు తైలముల సీసాలపైనను, తేయాకు పొట్లములపైనను కానవచ్చుచున్నది గాని, దాని అర్థము తెలిసి వాడువారు అరుదు. గాలిలోని ప్రాణవాయువు మనకు జీవాధారము. కాని నిప్పు వంట చేయును, ఇల్లును కాల్చును. ప్రాణవాయువు కూడ అట్టిదే. జీవకణములలో పని జరుగునప్పుడు ఆ వాయువునుండి కొన్ని ఉద్రేకము గల రూపములు పుట్టి, దాపుననున్న కొవ్వును, మాంసకృత్తులను తాకి చెఱచును. నూనె కారువాసన వచ్చుట, ఇనుము తుప్పు పట్టుట ఈ జాతి మార్పులే. అట్టి ఉద్రేకరూపములను శాంతింపజేయు పదార్థములే ఆంటీఆక్సిడెంట్లు. ఉసిరికాయలోని సి విటమిను, పసుపులోని పచ్చని పదార్థము, తేయాకులోని వగరు ఇట్టివే.

మొక్కలో ఈ పని చేయువారు రెండు తెగలు. మొదటి తెగ పైన చెప్పిన పదార్థములు. ఇవి తామే దెబ్బతిని ఇతరులను కాపాడు కవచముల వంటివి. రెండవ తెగ ఎంజైములు, ఇవి పనివారు. ఎంజైమొక పని ముగించి, తాను చెడక, వెంటనే మఱియొక పనికి పూనుకొనును. 1969లో అమెరికా దేశమున మెకార్డ్, ఫ్రిడోవిచ్ అను శాస్త్రజ్ఞులు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అను ఎంజైము చేయు పనిని కనుగొనిరి. అది మిక్కిలి ఉద్రేకము గల రూపమును పట్టి హైడ్రోజన్ పెరాక్సైడుగా మార్చును. ఆ పెరాక్సైడు కూడ మంచిది కాదు గనుక, కాటలేజ్ అను మఱియొక ఎంజైము దానిని నీరుగాను, ప్రాణవాయువుగాను విడగొట్టును. పెరాక్సిడేజులనునవి కూడ ఈ పనిలో చేయి వేయును.

కాటలేజు పనిని కంటితో చూడగోరు సోదరీమణులు గాయములు కడుగుటకు మందుల అంగడిలో అమ్ము హైడ్రోజన్ పెరాక్సైడును ఒక గిన్నెలో కొంచెము పోసి, పచ్చి ఉర్లగడ్డ ముక్కను అందు వేయుడు. ముక్క చుట్టును నురగ పొంగును. అది ఎంజైము విడదీసిన ప్రాణవాయువు. ఉడికిన ముక్కను వేసినచో నురగ రాదు. ఏలయన వేడికి ఎంజైము నశించును. ఈ పరీక్షను పిల్లలకు చూపి, పిమ్మట ఆ ద్రవమును పారబోయవలెను. అది కడుపులోనికి పోరాదు.

సీసాలో మొలక

ఇప్పుడు సీసా సంగతి. 1902లో ఆస్ట్రియా దేశీయుడగు హాబర్లాంట్ పండితుడు, మొక్కలోని ఒక్కొక్క కణమునందును మొక్క అంతయు అవ్యక్తముగా నున్నదనియు, తగిన ఆహారమిచ్చినచో దానినుండి పూర్తి మొక్కను రప్పింపవచ్చుననియు ఊహించెను. ఆ ఊహ నిజమగుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది. 1958లో అమెరికాలో స్టివార్డ్ అను శాస్త్రజ్ఞుడు క్యారెట్టు దుంప కణములను కొబ్బరినీళ్ళు కలిపిన ఆహారములో పెంచి మొక్కలను రప్పించెను. లేతకాయలో పసిగింజను పోషించుటకు ప్రకృతి దాచిన ద్రవమే కొబ్బరినీరు. పసికణములకు అది పనికివచ్చుటలో వింత లేదు.

మన దేశమునను ఈ విద్య వెనుకబడలేదు. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయమున శిప్రా గుహ యను విదుషి, సతీశ్ చంద్ర మహేశ్వరితో కూడి ఉమ్మెత్త పూవులోని పుప్పొడితిత్తులనుండి పసిమొక్కలను రప్పించి లోకమును ఆశ్చర్యపఱచెను. 1992లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో జి. లక్ష్మీసీతగారును వారి సహచరులును మన శేషాచలము సొత్తైన ఎఱ్ఱచందనపు చిగుళ్ళనుండి మొక్కలను పెంచిన విధమును ప్రకటించిరి. 1954లో స్థాపింపబడిన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర విభాగమువారు ఈ కొండల ఔషధవృక్షములను గూర్చి విరివిగా పరిశోధనలు చేసిరి. 1983లో మన ఊరనే వెలసిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమున మన ఆడుబిడ్డలు జీవశాస్త్రముల నభ్యసించుచున్నారు. కావున ఇది పరాయివారి విద్య యని మనము దూరముగ నిలువనక్కఱలేదు.

పద్ధతిని చూతము. కణజాల వర్ధనమని పేరు పెద్దది గాని, దీనిలో సగము ఊరగాయ పెట్టునంత శుచి, సగము పసిబిడ్డను పెంచునంత ఓర్పు. తీగనుండి కణుపుతో కూడిన చిన్నముక్కను కత్తిరించి, మందునీళ్ళతో కడిగి, అంటియున్న బూజులను, సూక్ష్మక్రిములను చంపుదురు. ఆహారమునకు 1962లో మురాషిగె, స్కూగ్ అను శాస్త్రజ్ఞులు పొగాకు కణములకై కూర్చిన పాకమే నేటికిని లోకమంతట వాడుకలో నున్నది. అందులో లవణములు, విటమినులు, లీటరు నీటికి 30 గ్రాముల చక్కెర ఉండును. గట్టిపడుటకు అగరు కలుపుదురు. అంగళ్ళలో చైనాగ్రాస్ అను పేర అమ్మునది, మనము తియ్యని హల్వాలు చేయునది ఆ కడలినాచు సారమే. ఈ పాకమును సీసాలలో పోసి, 121 డిగ్రీల వేడిలో, 15 పౌనుల ఆవిరి ఒత్తిడిలో పావుగంటకు పైగా ఉడికింతురు. మన యింట నున్న ప్రెషరు కుక్కరు చేయు పనియు ఇదియే.

పాకములో ఆక్సిను, సైటోకైనిను అను రెండు ప్రేరకములను కొలతతో చేర్చుదురు. మొదటిది హెచ్చైనచో వేళ్ళు, రెండవది హెచ్చైనచో చిగుళ్ళు వచ్చును; రెండును సరితూగినచో ఏ రూపమును లేని కణముల ముద్ద పెరుగును. దానిని కాలస్ అందురు. ఉప్పు కారముల పాళ్ళు మార్చి ఒకే కూరను రెండు రుచులుగా చేయుట మనకు తెలిసినదే గదా. ఈ రీతిగ ఒక్క కణుపునుండి పెక్కు మొక్కలను పుట్టింపవచ్చును. తీగకు ప్రాణహాని లేదు. వేరు కొండలోనే యుండును.

మైసూరు సంస్థవారు 2001లో సీసాలోని మారేడు తీగ చిగుళ్ళకు వేళ్ళు పుట్టించిన విధమును ప్రకటించిరి. 2005లో మఱియొక మెట్టెక్కి, మొక్క లేకుండ వేళ్ళను మాత్రమే పాకములో పెంచి, వానిలో ఆ సుగంధపదార్థము తయారగుచున్నదని చూపిరి. కొండ త్రవ్వకుండ వేరు గుణము దొరకుననుట కిది మొదటి నిదర్శనము. జపాను దేశమున 1983 నాటికే ఒక ఔషధ మొక్క కణములను పెద్ద తొట్లలో పెంచి షికోనిన్ అను ఎఱ్ఱని పదార్థమును అమ్మకమునకు తెచ్చిరి. ఆడువారి పెదవులకు పూయు రంగులలో సయితము దానిని వాడిరి. మారేడు వేరు ఇంకను ఆ దశకు చేరలేదు గాని, దారి యున్నదని మాత్రము తేలినది.

గోధుమరంగు చిక్కు

దారి యున్నను ముండ్లు లేకపోలేదు. మన కథలోని కావలివారే ఇచట శత్రువులుగా మారుదురు.

వంకాయ తఱిగి గాలిలో నుంచినచో ముక్కలు నల్లబడును. ఏల? కాయలో వగరు పదార్థము లొక అరలోను, వానిని ప్రాణవాయువుతో కలుపు ఎంజైములు వేఱొక అరలోను ఉండును. కత్తి తాకి అరలు పగిలినంతనే రెండును కలియును, గాలి తోడగును, నల్లని పదార్థము పుట్టును. మొక్కకు ఇది గాయమునకు కట్టిన కట్టు వంటిది. పచ్చి తేయాకు నలిపిన పిమ్మట ఎఱ్ఱనై తేనీటికి రంగు వచ్చుటయు ఈ కారణముననే.

ప్రయోగశాలలోను ఇదియే జరుగును. ఔషధమొక్కలలో వగరు పదార్థములు మెండు. అందుచేతనే అవి ఔషధములు. కణుపు కోసి పాకములో నాటగానే కోతనుండి గోధుమరంగు ద్రవ మూరి, పాకమంతయు వ్యాపించి, పసికణములను విషమువలె చంపును. ఏ గుణము కొఱకు మొక్కను కోరితిమో, ఆ గుణమే మొలకను బ్రతుకనీయదు. ఈ యొక్క చిక్కుచేత ఎన్నియో సీసాలు వృథాయగును.

దీనికి శాస్త్రజ్ఞులు చేయు ఉపాయములు చూచినచో మన అమ్మమ్మలు నవ్వుదురు. వంకాయముక్కలను ఉప్పునీట వేయుట, అరటికాయముక్కలను మజ్జిగనీట వేయుట మనకు వాడుక. పులుపు ఎంజైము పనిని మందగింపజేయును; నీరు గాలిని దూరముగ నుంచును. ప్రయోగశాలలో మజ్జిగకు బదులు నిమ్మపులుపును, సి విటమినును వాడుదురు. సి విటమిను తానే ఆంటీఆక్సిడెంటు గనుక ప్రాణవాయువు దెబ్బను తాను భరించి కణమును కాపాడును. కొందఱు పాకములో మెత్తని బొగ్గుపొడి కలుపుదురు. అది ఊరిన ద్రవమును పీల్చుకొనును. కొందఱు మొదటిదినములలో సీసాను చీకటిలో నుంచుదురు. రంగు వచ్చినంతనే ముక్కను క్రొత్త పాకములోనికి మార్చుదురు.

సీసానుండి మట్టికి

మొలక వేరూనినది, ఆకులు వేసినది. ఇక నాటవచ్చునని తలచినచో రెండవ గండము ఎదురగును. సీసాలోని మొక్క గారాబముగ పెరిగిన బిడ్డ వంటిది. అచట గాలి నిండ తేమ, వెలుతురు కొద్దిగా, ఆహారము చక్కెర రూపమున సిద్ధము. ఆకుపై మైనపు పొర పలుచన. ఆకురంధ్రములు సరిగా మూసికొనుట ఎఱుగవు. దానిని ఒక్కమాఱుగా రాయలసీమ ఎండలోనికి తెచ్చినచో ఏమి గతి? ఆకులు ఎండిపోవును. అదియుగాక, తట్టుకొనలేనంత వెలుతురు ఆకుపై పడినప్పుడు కణములలో ప్రాణవాయువు ఉద్రేకరూపములు గుంపులుగ పుట్టును.

ఈ గడియలోనే ఎంజైముల విలువ తెలియును. 2009లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయపు పరిశోధకులు సర్పగంధకు దగ్గఱి చుట్టమైన ఒక ఔషధమొక్కను సీసానుండి మట్టికి మార్చి, ఆ దినములలో దాని ఆకులలోని ఎంజైములను కొలిచి ప్రకటించిరి. ఇతర మొక్కలపైనను ఇట్టి పరీక్షలు జరిగెను. మార్పు జరిగిన తొలి వారములలో డిస్మ్యుటేజు, కాటలేజు, పెరాక్సిడేజుల పని హెచ్చుట పెక్కుచోట్ల కానబడెను. మొక్క క్రొత్తయింటికి అలవాటుపడుటకు తన కావలివారిని మేల్కొలిపినదన్నమాట. కావుననే తోటవారు మొలకలను మొదట పలుచని తెర క్రింద, చుట్టును తేమ నిలుచునట్లు కప్పి, దినదినము కొంచెము కొంచెముగ కప్పు తీయుచు గాలికిని ఎండకును అలవాటు చేయుదురు. క్రొత్తకోడలిని అత్తవారింట మొదటిదినముననే బరువుపనికి పెట్టక మెల్లగ అలవాటు చేయు ఇల్లాలి నేర్పు ఇందు కలదు.

ఇట్లు వేరులో నిధియై, సీసాలో విఘ్నమై, మట్టిలో రక్షయై ఒకే శక్తి మూడు వేషములు వేయుచున్నది. ఈ మూడింటిని ఎఱిగినవారే తీగను నిలుపగలరు. ఎంజైములను కొలుచుట పండితుల వేడుక కాదు. ఏ మొలక బ్రతుకునో, ఏ మొలక వాడునో తెలిసికొను ఉపాయము.

మందని ఎంతవఱకు నమ్మవలెను?

ఇక మన ఆరోగ్యమును గూర్చి ఒక హెచ్చరిక అవసరము. ఆంటీఆక్సిడెంటు లున్నవని చెప్పి అన్ని రోగములకు ఒకే మందును అమ్మువారు నేడు హెచ్చినారు. ప్రయోగశాలలో ఈ గుణమును పరీక్షించు పద్ధతులలో ఒకటి ఊదారంగు ద్రవములో మొక్కసారము కలుపుట. రంగు పసుపుగా విరిగినచో గుణము కలదందురు. మైసూరువారు మారేడు వేరు సారమును ఎలుకలకిచ్చి, విషపదార్థముచే చెడు కాలేయమును అది కొంత కాపాడుటను 2010లో ప్రకటించిరి. ఇవి మేలైన పరిశోధనలే. కాని గాజుపాత్రలోని రంగు విరుగుట వేఱు, ఎలుక కాలేయము వేఱు, మన యింటిలోని రోగి వేఱు.

దీనికి ఒక నిదర్శనము చాలును. ఫిన్లండు దేశమున పొగత్రాగు పురుషులు 29,133 మందిపై జరిగిన పరీక్షాఫలితము 1994లో వెలువడెను. క్యారెట్టులోని పచ్చని పదార్థమగు బీటాకెరోటిను ఆంటీఆక్సిడెంటు గనుక, దానిని మాత్రలుగ మ్రింగినచో ఊపిరితిత్తుల పుట్టకురుపు తగ్గునని వైద్యులు ఆశించిరి. తగ్గుటకు మాఱుగా, మాత్రలు తీసికొన్నవారిలో ఆ రోగము నూటికి 18 వంతున ఎక్కువ కానవచ్చెను. క్యారెట్టు కూర తినుటచే కీడు కలుగునని దీని అర్థము కాదు. ఆహారముగ మేలుచేయు పదార్థమును విడదీసి, పెద్దమోతాదున మందుగ మ్రింగుట వేఱు సంగతి యని అర్థము. కావున మారేడు షర్బతును వేసవి పానీయముగ హాయిగ త్రాగవచ్చును. కాని మధుమేహమునకో, కాలేయ వ్యాధికో వైద్యుడిచ్చిన మందు మాని దీనిని నమ్ముకొనరాదు. అందు చక్కెర పాలు తక్కువ కాదనియు మఱువరాదు.

మన చేతిలోనున్నది

సీసాలోని మొలకలు కొండను రక్షించునా? వానిచే మాత్రమే రక్షింపబడదు. ఏలయన కొండగడ్డకు త్రవ్వినవాని కూలి తప్ప వేఱు ఖర్చు లేదు; సీసామొలకకు పాకము, విద్యుత్తు, పనివారు, ఓర్పు అన్నియు కావలెను. చౌకగ దొరకు కొండగడ్డకే గిరాకి యున్నంతకాలము తోటగడ్డను ఎవరు పండింతురు? మఱియు ఒకే కణుపునుండి పుట్టిన మొక్కలన్నియు ఒకే పోలికగా నుండును. ఒకదానికి సోకిన తెగులు అన్నింటికి సోకవచ్చును. కావున విత్తనమునుండి పుట్టిన అడవితీగలు, వాని వైవిధ్యము కొండలలో నిలిచి తీరవలెను. సీసా అడవికి బదులు కాదు. అడవిపై పడు బరువును తగ్గించు సాధనము.

యానాదుల మాటయు మఱువరాదు. గడ్డలు త్రవ్వవద్దని వారికి చెప్పుట సులభము. ఆ పూట వారి పొయ్యి ఎట్లు వెలుగునో చెప్పుట కష్టము. తీగను అందఱికంటె బాగుగ ఎఱిగినవారు వారే గనుక, మొలకలను పెంచి నాటు నారుమళ్ళలో, తోటలలో మొదటి పని వారికే దక్కవలెను. త్రవ్వక తప్పనిచోట మూలపువేరును వదలి ప్రక్కవేళ్ళను మాత్రమే తీసి, గుంత పూడ్చినచో తీగ మరల చిగిర్చుట కవకాశ ముండును. ఈ మాట వారికి క్రొత్త కాదు. తొందరపెట్టు బేరగాడు ఆ ఓర్పును వారికి మిగిల్చుటలేదు.

ఆ బేరగానిని తొందరపెట్టునది మనమే. కావున గృహిణులకు మా విన్నప మిది. ఏడాదికి రెండు జాడీలు పెట్టు ఇంట ఒక జాడీ పెట్టుదము. గడ్డలు కొనునప్పుడు ఇవి తోటవా, కొండవా యని ఒక్కమాట అడుగుదము. అడుగువారు నలుగురైనచో అమ్మువారు వెదకి తెత్తురు. పెరడున్నవారు మొలక దొరకినప్పుడు ఒక తీగను నాటి పందిరి కెక్కింతురు గాక. అది గడ్డ యూరుటకు కొన్ని ఏండ్లు పట్టును. అంతవఱకు దానిని చూచుచుండుటచే, ఒక్క గడ్డ వెనుక ఎంతకాల మున్నదో పిల్లలకు తెలియును. విజ్ఞానశాస్త్రము చదువు కుమార్తెలున్న తల్లులు ఈ సీసాల విద్యను గూర్చి వారిని అడిగి తెలిసికొందురు గాక. ఇందు కావలసిన శుచి, కొలత, ఓర్పు అను మూడును మన యిండ్లలో తరతరములుగ అలవడియున్నవే.

ఊరగాయ జాడీ మూత తీయునప్పుడు వచ్చు ఆ సువాసన మన మనుమరాండ్రకును తెలియవలెనన్నచో, తీగ కొండపై బ్రతికియుండవలెను.